పెళ్ళి కాకముందే పెళ్ళి సర్టిఫికెట్: కార్తీకంలో నమోదు, మాఘంలో ముహూర్తం అనుకునేవారికి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన విషయం ఇది. మీ అమ్మాయికి, మీ చెల్లెలి కొడుకుకు నిశ్చితార్థం అయింది. అబ్బాయి డాలస్‌లో హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నారు. పుష్యం శూన్యమాసం కనుక పెళ్ళి మాఘంలో అన్నవరం కొండ మీద పెట్టుకున్నారు. ఈలోగా అబ్బాయి కార్తీకంలో రెండు వారాల సెలవు మీద వస్తున్నారు. ఆ రెండు వారాల్లోనే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పెళ్ళి అయినట్టు రాయించి సర్టిఫికెట్ తీసుకుంటే అమ్మాయి హెచ్-4 వీసా (హెచ్-1బీ మీద ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) పని ముందే మొదలవుతుందని, నిశ్చితార్థంలో దండలు మార్చుకున్న ఫొటోలు, ఒక పాత తేదీతో అచ్చు వేయించిన శుభలేఖ సరిపోతాయని మీ దగ్గరివారొకరు చెప్పారు. అలా చేయవచ్చా, లేకపోతే స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద చేసుకోవడం మేలా, దానివల్ల పిల్లకు ఆస్తిలో హక్కు పోతుందా అని మీరు అడిగారు.

నేను రిజిస్ట్రేషన్ శాఖలో చాలా ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీకు ఇచ్చిన మొదటి సలహాను దయచేసి పాటించవద్దు. మీ రెండో ఆలోచన చట్టబద్ధమైనదే గానీ మీ కుటుంబానికి సరిపడదు. మీకు సరిపడే మూడో దారి ఉంది. అయితే కారణం తెలియకుండా దారి మాత్రమే చెబితే, రేపు ఇంకొకరు ఇంకో మాట చెప్పినప్పుడు మీరు మళ్ళీ తికమకపడతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు గ్రహించవలసిన విషయం ఏమిటంటే, హిందూ వివాహ చట్టం, 1955 కింద సర్టిఫికెట్ పెళ్ళి చేయదు, జరిగిన పెళ్ళికి సాక్ష్యం చెబుతుంది, అంతే. ఆ చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం వివాహ క్రతువు జరగాలి. ఆ ఆచారంలో సప్తపది భాగమైతే ఏడో అడుగు పడగానే వివాహం పూర్తయి ఇద్దరినీ బంధిస్తుంది. నమోదు గురించి చెప్పేది 8వ సెక్షన్. అందులోని 5వ ఉపసెక్షన్, రిజిస్టరులో నమోదు చేయనంతమాత్రాన వివాహం చెల్లకుండా పోదని స్పష్టంగా చెబుతోంది. అంటే నమోదు లేని పెళ్ళి చెల్లుతుంది, పెళ్ళి లేని నమోదు చెల్లదు. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటున్నారు. కాగితం మీద ముద్ర పడితే భార్యాభర్తలైపోయినట్టేనని, తాళి, సప్తపది తరువాత చేసుకునే వేడుకలని నమ్ముతున్నారు.

ఈ పొరపాటు ఎక్కడిదాకా వెళుతుందో చూపించే తీర్పు ఒకటి ఉంది. 2024 ఏప్రిల్ 19న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం డాలీ రాణి, మనీష్ కుమార్ చంచల్‌ల కేసులో ఇచ్చిన తీర్పు అది. ఇద్దరూ విమానాలు నడిపే పైలట్లు. 2021 మార్చిలో నిశ్చితార్థం అయింది. అదే ఏడాది జులైలో ఒక సమితి ఇచ్చిన పత్రం ఆధారంగా ఉత్తరప్రదేశ్ నిబంధనల కింద వివాహం నమోదు చేయించుకున్నారు. అసలు పెళ్ళి వేడుక 2022 అక్టోబరులో చేయాలని పెద్దలు నిర్ణయించారు. ఈలోగా ఇద్దరికీ పొసగలేదు. కట్నం కేసు దాకా వెళ్ళింది. భర్తగా రాయించుకున్న వ్యక్తి విడాకులకు దావా వేశారు. చివరికి సుప్రీంకోర్టు తేల్చి చెప్పినది, 7వ సెక్షన్ ప్రకారం క్రతువు జరగలేదు కనుక అది హిందూ వివాహమే కాదని, ఆ సర్టిఫికెట్, ఆ నమోదు రెండూ చెల్లవని. వీసా వంటి అవసరాల కోసం ముందు నమోదు చేయించుకుని తరువాత పెళ్ళి చేసుకుందామనుకునే పద్ధతి గురించి ధర్మాసనం ఆ తీర్పులోనే ప్రస్తావించి, యువతీయువకులు, వారి తల్లిదండ్రులు అలా చేయవద్దని హితవు చెప్పింది. మీకు వచ్చిన సలహాకు ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు.

ఒక తండ్రిగా మీరు ఇంకో కోణం కూడా చూడాలి. సంబంధం దగ్గరిదే, పిల్లలు చిన్నప్పటినుంచి ఒకరినొకరు ఎరిగినవారే, ఏ అరమరికా రాదనే నేనూ కోరుకుంటాను. కానీ పొరపాటున కార్తీకానికి, మాఘానికి మధ్య ఏదైనా తేడా వస్తే, మీ అమ్మాయి రికార్డుల్లో వివాహితగా మిగిలిపోతుంది. పెళ్ళయిన ఏడాదిలోపు విడాకుల దావా వేయడానికి 14వ సెక్షన్ సాధారణంగా ఒప్పుకోదు. అసలు జరగని పెళ్ళి జరగలేదని నిరూపించుకోవడానికి, తానే సంతకం చేసిన దరఖాస్తుకు వ్యతిరేకంగా తానే కోర్టులో నిలబడవలసి వస్తుంది. ఇక అంతా సవ్యంగా జరిగినా, సర్టిఫికెట్‌లో ఒక తేదీ, శుభలేఖలో, ఆల్బమ్‌లో ఇంకో తేదీ ఉంటాయి. రేపు గ్రీన్‌కార్డు దరఖాస్తులో వివాహం ఏ తేదీన, ఏ ఊళ్ళో జరిగిందని అడుగుతారు. అబద్ధంతో మొదలైన కాగితాన్ని ఆ తరువాత రాసే ప్రతి కాగితంలోనూ కాపాడుకుంటూ పోవాలి. అమెరికా వలస చట్టంలో తప్పుడు వివరాలు ఇవ్వడం చిన్న విషయం కాదు. ఆ మచ్చ జీవితాంతం వెంటాడవచ్చు.

నా ఉద్యోగకాలంలో చూసిన ఒక సంఘటన చెబుతాను. ఒక జంట నమోదుకు వచ్చింది. దరఖాస్తు సక్రమంగా ఉంది, శుభలేఖ ఉంది, ముగ్గురు సాక్షులు ఉన్నారు. ఫొటో చూశాను. ఇద్దరి మెడల్లో దండలున్నాయి, నుదుట బాసికాలు లేవు, అమ్మాయి మెడలో పసుపుతాడు లేదు. వెనక పూల అలంకరణ మధ్య ధర్మాకోల్ అక్షరాలు సగం అబ్బాయి భుజం చాటున పడ్డాయి. కనిపించినంతవరకు "శ్చితార్థం" అని ఉంది. నేను ఆ అమ్మాయిని మాత్రమే, అమ్మా, జీలకర్ర బెల్లం ఎక్కడ పెట్టుకున్నారు అని అడిగాను. ఆమె తలవంచుకుని వాళ్ళ నాన్నగారి వైపు చూసింది. దరఖాస్తు తిప్పి ఇచ్చి, పెళ్ళి చేసుకుని రండి, ఆ రోజే నమోదు చేస్తాను అని పంపించాను. వారు నన్ను కోపగించుకునే వెళ్ళారు. నేను చేసిన పని సరైనదేనని ఈరోజుకీ నమ్ముతున్నాను. ఫొటోను ప్రతి అధికారీ అంత నిదానంగా చూస్తారని కాదు. చూడని చోట పని జరిగిపోతుంది, కానీ అలా జరిగిపోయిన పని చట్టం ముందు నిలవదు.

ఇక మీ రెండో ఆలోచనకు వస్తాను. మీరు అడిగిన స్పెషల్ మ్యారేజ్ చట్టం, అంటే ప్రత్యేక వివాహ చట్టం, 1954 స్వభావం వేరు. అక్కడ మతపరమైన క్రతువు అవసరం లేదు. వివాహ అధికారి ముందు, ముగ్గురు సాక్షుల సమక్షంలో, ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా, తెలుగులోనైనా, నిన్ను చట్టబద్ధంగా భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నానని ఒకరితో ఒకరు చెప్పుకోవడంతోనే వివాహం జరుగుతుంది. కాగితమే పెళ్ళి కావాలనుకునేవారికి చట్టం తెరిచిన తలుపు ఇదే. వేర్వేరు మతాలవారికి, క్రతువులు వద్దనుకునేవారికి ఇది ఎంతో మేలు చేసిన చట్టం. మన ప్రాంతంలో దండలు మార్చుకుని, ప్రమాణాలు చదివి సభలో చేసుకునే ఆదర్శ వివాహాలు చాలా జరుగుతాయి. అలా చేసుకునేవారు దీని కిందే చేసుకోవడం క్షేమం, ఎందుకంటే దండల పెళ్ళిని హిందూ వివాహంగా గుర్తించే 7ఎ సెక్షన్‌ను తమిళనాడు 1967లో తన సవరణగా తెచ్చుకుంది, మన రెండు రాష్ట్రాల్లో అటువంటి సెక్షన్ లేదు.

అయితే మీ విషయంలో రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది కాలం. ఇద్దరూ సంతకం చేసిన నోటీసు, ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహ అధికారికి ఇవ్వాలి. దాన్ని కార్యాలయంలో అందరికీ కనిపించే చోట అంటిస్తారు. అభ్యంతరాలకు 30 రోజుల గడువు ఉంటుంది, అది ముగిసిన తరువాతే వివాహం. నోటీసు ఇచ్చినప్పటినుంచి మూడు నెలల్లోపు పెళ్ళి జరగకపోతే మళ్ళీ కొత్త నోటీసు ఇవ్వాలి. అబ్బాయికి దొరికిన రెండు వారాల సెలవులో ఇది ఇమడదు.

రెండో అడ్డంకి ఇంకా పెద్దది. మీ ప్రశ్నలో మీరు ఆ మాటను మామూలుగా రాసుకుంటూ పోయారు గానీ చట్టం దగ్గర అదే కీలకం: ఇది మేనరికం. మేనత్త కొడుకు, మేనమామ కూతురు ఈ చట్టం మొదటి షెడ్యూలులోని నిషిద్ధ సంబంధాల పట్టికలో ఉన్నారు. ఇద్దరిలో ఒకరికైనా వర్తించే ఆచారం ఒప్పుకుంటే మినహాయింపు ఉందని 4వ సెక్షన్ చెబుతుంది, కానీ ఇక్కడ ఆచారమంటే రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫికేషన్ ద్వారా పేర్కొన్నది అని ఆ సెక్షన్ కిందే వివరణ ఉంది. ఇంట్లో తరతరాలుగా జరుగుతున్నదన్న మాట అక్కడ చాలదు. ఆ మినహాయింపును నమ్ముకుని నోటీసు ఇవ్వమని నేను మీకు చెప్పలేను. ముందే సంప్రదాయం ప్రకారం జరిగిన పెళ్ళిని ఈ చట్టం కింద నమోదు చేసే 15వ సెక్షన్ కూడా మీకు ఉపయోగపడదు. అక్కడ ఆచారానికిచ్చిన మినహాయింపు ఆ చట్టం అమలులోకి రాకముందు జరిగిన పెళ్ళిళ్ళకే.

హిందూ వివాహ చట్టం మేనరికాన్ని చూసే తీరు వేరు. అన్నాచెల్లెళ్ళ పిల్లలు నిషిద్ధ సంబంధమేనని 3వ సెక్షన్‌లో రాసి, ఇద్దరికీ వర్తించే ఆచారం ఒప్పుకుంటే ఆ నిషేధం లేదని 5వ సెక్షన్‌లో మినహాయించింది. ఎంతోకాలంగా ఎడతెగకుండా, ఒకే తీరుగా పాటిస్తున్నదే ఆచారమని చట్టం నిర్వచనం. తెలుగు కుటుంబాల్లో మేనరికం, మేనమామ మేనకోడలి సంబంధం ఎంత పాతవో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. మీ ఇంట్లోనే మీ ముందు తరంలో ఇటువంటి పెళ్ళి ఉంటే ఆ వివరం రాసి పెట్టుకోండి. నమోదుకు ఇది అడగరు, కానీ ఎప్పుడైనా ప్రశ్న వస్తే ఆచారాన్ని చూపించగలగాలి.

ఆస్తి విషయం మీ కుటుంబానికి ఇప్పుడు వర్తించకపోయినా, అడిగారు కనుక చెబుతాను. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకుంటే ఉమ్మడి కుటుంబం నుంచి వేరైనట్టేనని 19వ సెక్షన్, వారసత్వం భారత వారసత్వ చట్టం కిందికి పోతుందని 21వ సెక్షన్ చెబుతాయి. కానీ ఇద్దరూ హిందువులే అయితే ఈ రెండూ వర్తించవని 1976లో 21ఎ సెక్షన్ చేర్చారు. కాబట్టి ఇద్దరు హిందువుల మధ్య ఆ భయం అవసరం లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారి. కార్తీకంలో అబ్బాయి వచ్చినప్పుడే నిజంగా పెళ్ళి చేయండి. పందిరి, వెయ్యి మంది భోజనాలు, బ్యాండు మేళం ఇవేవీ చట్టం అడగదు. గుళ్ళోనో ఇంట్లోనో మంచి ముహూర్తం చూసి, పురోహితుల చేత జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, మీ ఆచారంలో ఉన్నట్టయితే సప్తపది, ఏదీ తగ్గించకుండా జరిపించండి. మన ఇళ్ళల్లో జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్నే సుముహూర్తంగా భావిస్తాం కనుక కొందరు అక్కడితో ఆపి మిగతాది తరువాత చేసుకుందాం అంటారు. అది పనికిరాదు, ఎందుకంటే సప్తపది ఆచారంగా ఉన్న కుటుంబంలో ఏడో అడుగు దాకా వెళ్ళాలి. ఆ రోజు తేదీయే పెళ్ళి తేదీ. దానితోనే నమోదు చేయించుకోండి. మాఘంలో కొండ మీద సత్యనారాయణ వ్రతం, విందు ఎంత ఘనంగానైనా చేసుకోవచ్చు. రెండోసారి మాంగల్యధారణ ఉండాలా వద్దా అన్నది మీ పురోహితులను, ఇంటి పెద్దలను అడిగి తేల్చుకోవలసిన విషయం, చట్టానికి దానితో పని లేదు. అయితే మాఘం తేదీని మాత్రం ఏ దరఖాస్తులోనూ పెళ్ళి తేదీగా రాయవద్దు. బంధువులకు కార్తీకంలోనే పెళ్ళి అయిపోయిందని చెప్పడానికి ఇష్టం లేకపోతే, మాఘం దాకా ఆగండి. హెచ్-4 కొన్ని నెలలు ఆలస్యమైనా అమ్మాయికి నష్టం లేదు.

నమోదు విషయంలో పెద్దగా చిక్కులు ఉండవు. పెళ్ళి జరిగిన చోటుకు గానీ మీ నివాసానికి గానీ సంబంధించిన సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాన్ని చూసుకుని, ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి స్లాట్ తీసుకోవచ్చు. ఇద్దరి వయసుకు టెన్త్ మెమో, చిరునామాకు ఆధార్ గానీ పాస్‌పోర్ట్ గానీ, శుభలేఖ, క్రతువు స్పష్టంగా కనిపించే పెళ్ళి ఫొటోలు, పెళ్ళి చూసిన ముగ్గురు సాక్షులు వారి గుర్తింపు పత్రాలతో సిద్ధంగా ఉండాలి. గుళ్ళో చేస్తే దేవస్థానం ఇచ్చే రసీదు జాగ్రత్త చేయండి. అది నమోదుకు బదులు కాదు, కానీ ఆ రోజు ఆ చోట పెళ్ళి జరిగిందనడానికి మంచి ఆధారం. ఆర్యసమాజం ఇచ్చే పత్రం విషయమూ అంతే. వధూవరులిద్దరూ స్వయంగా రావాలి కనుక అబ్బాయి తిరుగు ప్రయాణానికి కనీసం నాలుగైదు పనిదినాల ముందు స్లాట్ ఉండేలా ముహూర్తం పెట్టుకోండి.

నమోదు ఐచ్ఛికం కదా, పెళ్ళి ఎలాగూ చెల్లుతుంది కదా అనుకునేవారికి ఒక మాట. 2006 ఫిబ్రవరి 14న సీమా కేసులో సుప్రీంకోర్టు, ఏ మతంవారి వివాహమైనా నమోదు చేయాలని, అందుకు నిబంధనలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. అప్పటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం వచ్చి ఉంది; అదే తెలంగాణకూ సంక్రమించింది. భర్త పోయిన మూడో నెలలో ఒక పెద్దావిడ పింఛను కోసం పెళ్ళి సర్టిఫికెట్ కావాలని నా దగ్గరికి వచ్చారు. ముప్పై ఏళ్ళ నాటి పెళ్ళి ఫొటో ఒకటి, అంచులు పసుపు పచ్చబడింది, కొంగులో చుట్టి తెచ్చారు. ఇద్దరూ సంతకం పెట్టవలసిన దరఖాస్తు మీద ఒక్కరి సంతకంతో నేను ఏమీ చేయలేకపోయాను. ఆమె పెళ్ళి చెల్లదని కాదు. చెల్లుతుందని నిరూపించడానికి రేషన్ కార్డు, ఓటరు జాబితా, పిల్లల స్కూలు రికార్డులు పట్టుకుని ఎన్ని చోట్లకో తిరగవలసి వచ్చింది. అందుకే పాత పెళ్ళిళ్ళవారికి కూడా, ఇద్దరూ ఉండగానే నమోదు చేయించుకోమని చెబుతుంటాను.

చివరగా, నేను చూసిన తిప్పలన్నిటిలో ఎక్కువ భాగం చట్టంవల్ల కాక పేర్లవల్ల వచ్చినవి. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు వస్తుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమై నిలుస్తుంది, పాస్‌పోర్ట్‌లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. లక్ష్మి అనే పేరు ఇంగ్లిషులో ఒక పత్రంలో 'ఐ'తో, ఇంకో పత్రంలో 'వై'తో ముగుస్తుంది. విదేశానికి వెళ్ళే సర్టిఫికెట్ కనుక ఇద్దరి పేర్లూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, పూర్తి ఇంటిపేరుతో, అక్షరం తేడా లేకుండా రాయించండి. అమ్మాయి పేరు పెళ్ళికి ముందున్న ఇంటిపేరుతోనే రాయాలి. భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని ఏ చట్టమూ చెప్పదు; పెట్టుకోవాలనుకుంటే అది పాస్‌పోర్ట్ తదితరాల్లో వేరుగా చేసుకునే మార్పు.

హెచ్-4 ఇంటర్వ్యూకు సాధారణంగా సర్టిఫికెట్ ఉంటే చాలు, అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) అడగరు. ఇతర దేశాలకు వెళ్ళేవారు మాత్రం ఆ దేశం హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ సరిపోతుంది, లేకపోతే ఆ దేశ రాయబార కార్యాలయం ధ్రువీకరణ కూడా కావాలి.

సంతకాలకు ముందు కార్యాలయంలో వివరాల ప్రింటు చూపిస్తారు. అక్కడ జనం ఎక్కువగా ఉంటారు, సిబ్బంది తొందరపెడతారు, అందరూ పెళ్ళి సందడిలో ఉంటారు. అయినా మీరు ఒక పక్కన కూర్చుని రెండు పాస్‌పోర్ట్‌లు ఎదురుగా పెట్టుకుని, పేరు, పుట్టిన తేదీ, పెళ్ళి తేదీ, స్థలం వేలు పెట్టి ఒక్కొక్కటీ సరిచూసుకున్న తరువాతే పిల్లల చేత సంతకం చేయించండి. సంతకానికి ముందు ఒక అక్షరం మార్చడం నిమిషం పని. రిజిస్టరులోకి ఎక్కిన తరువాత అదే అక్షరం కోసం అబ్బాయి మళ్ళీ డాలస్ నుంచి రావలసి ఉంటుంది.